పెయింట్‌బాల్ మార్కర్ గాలి తాగేస్తోందా? ఏది మార్చాలి, ఏది వదిలేయాలి, కొత్తది ఎప్పుడు కొనాలి

"ఇదివరకు ఒక ట్యాంకు నింపిస్తే సగం రోజు ఆడేవాణ్ణి, ఇప్పుడు రెండు గేములకే గేజి ముల్లు కిందికి వచ్చేస్తోంది." సొంత మార్కర్ (పెయింట్‌బాల్ తుపాకీ) ఉన్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే ఇది. దాని వెంటే పెద్ద ట్యాంకు కొందామనో, మార్కరే మార్చేద్దామనో అనిపిస్తుంది. ఆ రెండూ చివర్లో ఆలోచించాల్సినవి. డాలస్ చుట్టుపక్కల వారాంతాల్లో మాతో ఆడే తెలుగువాళ్లు తమ మార్కర్లను బాగుచేయమని నా దగ్గరికి తెస్తుంటారు. వాటిలో చాలావాటికి కావాల్సింది కొన్ని సెంట్ల రబ్బరు రింగు, కాస్త గ్రీజు, అరగంట ఓపిక. అది తెలియక వందల డాలర్లు పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే డబ్బు ఎక్కడ పెడితే గాలి మిగులుతుందో, ఎక్కడ పెడితే దండగో విడమరిచి రాస్తున్నాను.

లీకేజీయా, మైలేజీయా?

గాలి త్వరగా అయిపోవడం వెనక రెండు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకటి లీకు: మీరు ట్రిగ్గర్ ముట్టుకోకపోయినా గాలి బయటికి పోతూ ఉంటుంది. రెండోది మైలేజీ పడిపోవడం: చుక్క గాలి కూడా కారదు, కానీ ప్రతి షాటుకూ కావాల్సినదానికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. లీకున్న మార్కర్‌కు ఖరీదైన బారెల్ కొన్నా ఫలితముండదు. మైలేజీ తగ్గిన మార్కర్‌లో ఓ-రింగులన్నీ (గాలి కారకుండా మూసే రబ్బరు రింగులు) మార్చినా తేడా కనిపించకపోవచ్చు.

ఏ జబ్బో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. ట్యాంకు నింపించాక ముందు దాన్ని చల్లారనివ్వండి. వేగంగా నింపితే లోపల గాలి వేడెక్కుతుంది, అందుకే 4500 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉన్న ముల్లు చల్లారాక 4000 చుట్టుపక్కలకు దిగిపోవచ్చు. దీన్నే లీకనుకుని కంగారుపడేవాళ్లున్నారు. చల్లారాక మార్కర్‌కు బిగించి, హాపర్ (పైన బంతులుండే డబ్బా) తీసేసి, లోపల బంతి లేదని చూసుకుని, బారెల్‌కు కవర్ తొడగండి. గేజిని ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ చిన్న గేజీల మీద వంద పీఎస్ఐ తేడా కంటికి ఆనదు, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒక్క షాటు కూడా కొట్టకుండా గంట ఆగి మళ్లీ ఫొటో తీయండి.

ముల్లు దిగితే లీకే. అప్పుడు ట్యాంకు ఊడదీసి, దాన్నొక్కదాన్నే మరో గంట ఉంచి చూడండి. ఒంటరిగా ఉన్నా ముల్లు దిగుతుంటే తప్పు ట్యాంకుది, మార్కర్‌ను విప్పే పనే లేదు. మొదటి పరీక్షలోనే ముల్లు కదలకపోతే మీది మైలేజీ సమస్య. ఇక నిండు ట్యాంకుతో ఎన్ని షాట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. మామూలు హాపర్‌లో 200 బంతులు పడతాయి, నడుముకు కట్టుకునే డబ్బాలాంటి పాడ్‌లో 140. ఆటగాళ్లలో చాలాకాలంగా ఉన్న మోటు లెక్క ప్రకారం 3000 పీఎస్ఐ ట్యాంకులో క్యూబిక్ ఇంచుకు పది షాట్లు, 4500 ట్యాంకులో పదిహేను. అంటే 48/3000 (48 క్యూబిక్ ఇంచులు, 3000 పీఎస్ఐ) ట్యాంకుకు 480, 68/4500 ట్యాంకుకు వెయ్యి పైచిలుకు. కొత్త తరం మార్కర్లు దీన్ని దాటతాయి, షాటు గాలిలో కొంతతో తమను తాము తర్వాతి షాటుకు సిద్ధం చేసుకునే పాత బ్లోబ్యాక్‌లు కాస్త తగ్గుతాయి. దానికి మరీ దూరంగా ఉంటేనే చింతించండి.

లీకు ఎక్కడుంటే ఏం చేయాలి

ఏదైనా విప్పే ముందు ట్యాంకు తీసేయాలి, మార్కర్‌లో మిగిలిన గాలిని సురక్షితమైన వైపు ఖాళీ షాట్లు కొట్టి పూర్తిగా వదిలేయాలి, కళ్లకు మాస్కు ఉండాలి. గాలి ఎక్కడ కారుతోందో వేలు అడ్డం పెట్టి వెతకొద్దు. వందల పీఎస్ఐతో సన్నటి సందులోంచి వచ్చే గాలి చర్మంలోకి దూసుకుపోగలదు. చెవితో వినండి, తర్వాత సబ్బు నీళ్లు వాడండి. సైకిల్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చర్ కనిపెట్టినట్టే ఇదీ, కాకపోతే మార్కర్‌ను ముంచకూడదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో బయటి జాయింట్ల మీద మాత్రమే రాయండి. ఎలక్ట్రానిక్ మార్కర్ గ్రిప్‌లోకి తడి పోనివ్వొద్దు. పెద్ద లీకు బుడగలను చిమ్మేస్తుంది. చిన్న లీకైతే సబ్బు నురగ తెల్లగా, మెల్లగా ఒకేచోట పోగవుతుంది. ఆ నురగ కోసం ఒక నిమిషం కదలకుండా చూడాలి.

మొట్టమొదట అనుమానించాల్సింది ట్యాంకు మార్కర్‌కు బిగిసే చోటు. ట్యాంకు మూతి మీద ఒక ఓ-రింగ్ ఉంటుంది, సైజు 015. దాన్ని తీసి వేలి కొస మీద పెట్టుకుని వెలుతురులో తిప్పండి. పాడైన రింగు మీద ఒకవైపు నెలవంక ఆకారంలో చిన్న చెక్క లేచి ఉంటుంది, లేదా గుండ్రంగా ఉండాల్సిన అంచు నొక్కుకుపోయి చదునుగా కనిపిస్తుంది. లోపల గాలి బిగుసుకుని ఉండగానే ట్యాంకును తిప్పి ఊడదీస్తే ఆ ఒత్తిడి రింగును గాడిలోంచి తోసేస్తుంది, మరలు దాన్ని కోసేస్తాయి. ఆన్-ఆఫ్ లీవర్ ఉన్న అడాప్టర్ దీన్ని ఆపుతుంది: ముందు ఆఫ్ చేసి, గాలి వదిలి, ఆ తర్వాతే ట్యాంకు తిప్పాలి. తరచూ ట్యాంకు మార్చేవాళ్లకు ఆ అడాప్టర్ మీద పెట్టే డబ్బు దండగ కాదు.

ఈ రింగులు కొనేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. నల్లటి మామూలు నైట్రైల్ రబ్బరువి చవక. యురేథేన్‌వి గట్టివి, సాధారణంగా 90 డ్యూరోమీటర్ (గట్టితనం కొలత), లేత రంగులోనో పారదర్శకంగానో ఉంటాయి. ట్యాంకు మూతికి యురేథేనే తీసుకోండి. సీఓ2 వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ గ్యాస్ మామూలు రబ్బరులోకి ఇంకి, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు లోపలినుంచి ఉబ్బి పగలగొడుతుంది. మార్కర్ లోపల కదిలే భాగాలకు మాత్రం గట్టి రింగు మంచిదనుకోవద్దు. అక్కడ చాలాచోట్ల 70 డ్యూరోమీటర్ మెత్తటి రింగులే సరిగ్గా మూస్తాయి. గట్టివి వేస్తే బోల్ట్ (బంతిని బారెల్‌లోకి తోసే కదిలే ముక్క) బిగుసుకుపోతుంది. ప్రతి గాడికీ కంపెనీ పుస్తకంలో సైజూ, గట్టితనమూ ఉంటాయి, అవే వేయండి.

తర్వాత గొట్టం. ప్లాస్టిక్ గొట్టం ఫిట్టింగులోకి దూరే దగ్గర లీకైతే పది నిమిషాల పని: గాలి వదిలి, గొట్టం తీసి, కొసను కొత్త బ్లేడుతో అడ్డంగా తిన్నగా కోసి మళ్లీ తొయ్యండి. కత్తెరతోనో కటింగ్ ప్లేయర్‌తోనో కోస్తే కొస కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోయి మళ్లీ కారుతుంది. మర ఉన్న ఫిట్టింగుల దగ్గర టెఫ్లాన్ టేపు కన్నా లిక్విడ్ థ్రెడ్ సీలెంట్ మేలు. టేపు పీచులు తెగి రెగ్యులేటర్‌లోకి పోతే ఇంకో సమస్య మొదలవుతుంది.

గాలి ఒత్తిడిని తగ్గించి నిలకడగా ఉంచే భాగమే రెగ్యులేటర్. దాని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి గాలి వస్తుంటే లోపలి పిస్టన్ ఓ-రింగ్ అరిగిందని అర్థం. ఇంకో లక్షణం మరింత ప్రమాదకరం, బయటికి శబ్దమేమీ రాదు: కాసేపు కొట్టకుండా ఉంచి మళ్లీ కొడితే మొదటి షాటు మిగతావాటికన్నా వేగంగా వెళ్తుంది. రెగ్యులేటర్ సీటు పూర్తిగా మూసుకోక ఒత్తిడి మెల్లగా పెరుగుతోందన్నమాట. ఆటగాళ్లు దీన్ని క్రీప్ అంటారు. బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద 280 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు) చూపించిన మార్కర్ ఫీల్డులో మొదటి షాటును 300 దాటించొచ్చు, ఎదుటివాళ్లకు దెబ్బ గట్టిగా తగులుతుంది. ఈ లక్షణం కనిపిస్తే ఆ రోజు ఆడకండి. సీటు చిన్న ముక్కే, అది మార్చేదాకా మార్కర్ పక్కన పెట్టండి.

బారెల్‌లోంచి గాలి వస్తుంటే మార్కర్ రకాన్ని బట్టి చూడాలి. టిప్‌మన్ 98 లాంటి బ్లోబ్యాక్‌లోనూ, పాపెట్ మార్కర్లలోనూ (సుత్తి కొట్టి వాల్వు తెరిచే రకం) వాల్వును మూసే కప్ సీల్ అరిగి ఉంటుంది, లేదా దాని మీద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. కొత్త కప్ సీల్ వేసిన కొత్తలో కొద్దిగా కారడం మామూలే, కొన్ని పదుల షాట్లకు కుదురుకుంటుంది. స్పూల్ మార్కర్లలో (కదిలే బోల్టే వాల్వుగా పనిచేసే రకం) బోల్ట్ మీదుండే ఓ-రింగులే కారణం. బోల్ట్ బయటికి తీసి, తుడిచి, ఒక్కో రింగునూ చూడటం స్పూల్ యజమానులకు చేతిలో పని, ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. బ్లోబ్యాక్‌లకు ఇంకో తిరకాసుంది: కాక్ చేయకుండా (సుత్తిని వెనక్కి లాగకుండా) ట్యాంకు బిగిస్తే సుత్తి వాల్వు పిన్నుకు ఆని ఉండి గాలి బారెల్‌లోంచి పోతుంది. అది లీకు కాదు. కాక్ చేసి, అప్పుడు గాలి ఎక్కించండి.

గ్రిప్ లోపలినుంచి, ట్రిగ్గర్ దగ్గర సన్నగా స్... అని వినిపిస్తే అది సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు). దాని కింద ఉండే చిన్న గాస్కెట్ కదిలి ఉంటే సరిచేయొచ్చు. సోలినాయిడే లోపల పాడైతే మార్చడం తప్ప దారి లేదు, మిగతా ముక్కలతో పోలిస్తే అది ఖరీదే. ఈ లీకు దగ్గర సొంత ప్రయోగాలు వద్దని నా సలహా. అందులో రంధ్రాలు జుట్టంత సన్నం, వేలికున్న గ్రీజు మరక పోయినా మూసుకుపోతాయి.

ఒక్క రింగా, మొత్తం కిట్టా?

లీకు ఒకేచోట, స్పష్టంగా కనిపిస్తే ఆ రింగు ఒక్కటే మార్చండి. రెండుచోట్ల కారుతుంటేనో, మార్కర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదై ఎప్పుడు సర్వీసు చేశారో తెలియకపోతేనో మొత్తం సీల్ కిట్ కొనడం లాభం. ఒక రింగు ఎండి బీటలిచ్చిందంటే అదే వయసున్న మిగతావీ దాని వెనకే ఉన్నట్టు. ఒక్కోటీ మారుస్తూ ప్రతి ఆదివారం ఆట మధ్యలో ఆగిపోవడం కన్నా ఒక సాయంత్రం కూర్చుని అన్నీ మార్చేయడం మంచిది. కిట్టు ఆ మోడల్‌కు తయారుచేసినదే తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో అన్ని సైజులూ కలిపి అమ్మే డబ్బా చవగ్గా వస్తుంది, కానీ అందులో రింగుల గట్టితనం ఎంతో రాసి ఉండదు.

లీకు లేదు, అయినా గాలి అయిపోతోంది

అన్నిటికన్నా చవకైన మార్పు వేగం. బంతికి మార్కర్ ఇచ్చే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 300 ఎఫ్‌పీఎస్ నుంచి 280కి తగ్గిస్తే బంతికిచ్చే శక్తి 13 శాతం తగ్గుతుంది, ఆ మేరకు గాలి మిగులుతుంది. దూరంలో తేడా పెద్దగా తెలియదు. చాలా ఫీల్డులు ఎలాగూ 280 దగ్గరే ఆపమంటాయి, ఇండోర్‌లో ఇంకా తక్కువ.

రెండోది బారెల్‌కూ బంతికీ కుదరకపోవడం. బ్లోబ్యాక్ అయినా, వెయ్యి డాలర్ల ఎలక్ట్రానిక్ అయినా ఇది మైలేజీని కొరికేస్తుంది. పైకి 68 క్యాలిబర్ అని రాసున్నా బంతుల అసలు సైజు పెట్టెపెట్టెకూ మారుతుంది. తేమకు ఉబ్బుతాయి, వేడికి ఆకారం చెడుతుంది. బారెల్ ఊడదీసి, వెనకవైపు నుంచి బంతి వేసి నిలువుగా పట్టుకోండి. బంతి జారి కింద పడిపోతే బోరు (బారెల్ లోపలి వెడల్పు) పెద్దది: బంతి చుట్టూ ఉన్న సందులోంచి గాలి ముందే పారిపోతుంది, ఆ నష్టాన్ని పూడ్చడానికి మీరు ఒత్తిడి పెంచుతారు. బంతి అక్కడే ఆగి, నోటితో ఊదితే బయటికొస్తే సరిగ్గా కుదిరినట్టు. గట్టిగా ఊదినా కదలకపోతే బోరు చిన్నది. మైలేజీ పరంగా అది మంచిదే, కాకపోతే పెళుసు బంతులు లోపలే పగులుతాయి.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఎక్కువమంది ఫీల్డులో అమ్మే పెయింటే వాడతారు. వాళ్లకు 0.685 అంగుళాల చుట్టుపక్కల బోరున్న మంచి బారెల్ ఒకటి సరిపోతుంది. రకరకాల పెయింట్ కొనేవాళ్లు, హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లలోనూ ఆడేవాళ్లు బోరు సైజు మార్చుకునే ఇన్సర్టులున్న కిట్ తీసుకుంటే ఆ డబ్బు మిగిలిన గాలి రూపంలో తిరిగొస్తుంది. ఉన్న బారెలే ఊదుడు పరీక్ష పాసైతే ఏమీ కొనకండి. పొడుగు బారెల్‌తో మైలేజీ వస్తుందనే నమ్మకం చాలామందిలో ఉంది. బారెల్ ముందు భాగంలో రంధ్రాలు మొదలయ్యాక గాలి బంతిని తోయదు, బయటికి పోతుంది. రంధ్రాలకు ముందున్న భాగం ఎంత, అది బంతికి ఎంత కుదిరింది అన్నదే లెక్క. చివర్లో రంధ్రాలు శబ్దం తగ్గిస్తాయి, గాలిని మిగల్చవు.

ఎలక్ట్రానిక్ మార్కర్ ఉంటే డ్వెల్ చూడండి. సోలినాయిడ్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని ఉండాలో చెప్పే సెట్టింగ్ అది. అవసరానికి మించి ఉంటే బంతి బారెల్ దాటిపోయాక కూడా గాలి పోతూనే ఉంటుంది. క్రోనోగ్రాఫ్ ముందు నిలబడి ఒక్కో మెట్టూ తగ్గిస్తూ రండి. వేగం పడిపోవడమో, ఒక్కో షాటూ ఒక్కోలా వెళ్లడమో మొదలైన చోట ఆగి, ఒకటి రెండు మెట్లు వెనక్కి పెంచండి. దీనికి ముందు రెగ్యులేటర్ ఒత్తిడి కంపెనీ చెప్పిన అంకె దగ్గర ఉండాలి. ఒత్తిడీ, డ్వెల్లూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఇక నూనె, గ్రీజు. టిప్‌మన్ తరహా బ్లోబ్యాక్‌లకు పెయింట్‌బాల్ నూనె కొన్ని చుక్కలు ట్యాంకు అడాప్టర్‌లో వేసి, కొన్ని ఖాళీ షాట్లు కొడితే చాలు. స్పూల్ మార్కర్లకు నూనె కాదు, గ్రీజు. డో 33 పేరుతో ఆటగాళ్లు చెప్పుకునే మాలికోట్ 33 గానీ, మార్కర్ కంపెనీ సొంత గ్రీజు గానీ సన్నటి పొరలా రాయాలి. తక్కువైతే రింగులు రాపిడికి అరుగుతాయి, ఎక్కువైతే బోల్ట్ బరువెక్కి, కాసేపు ఆగాక కొట్టిన మొదటి షాటు నీరసంగా పడుతుంది. ఆ నీరసాన్ని కప్పిపుచ్చడానికి డ్వెల్ పెంచుతారు, గాలి పోతుంది, మూలం మాత్రం గ్రీజే. ఇంట్లో తలుపు బందులకు కొట్టే డబ్ల్యూడీ-40 మార్కర్‌లోకి రానివ్వొద్దు. అది గ్రీజును కడిగేస్తుంది, కొన్ని సీళ్లను ఉబ్బిస్తుంది. ఇంకో మాట ప్రాణాలకు సంబంధించింది: ట్యాంకు నింపే నిపుల్ మీద నూనె గానీ గ్రీజు గానీ ఎప్పుడూ రాయకండి. వేల పీఎస్ఐ గాలి వేగంగా లోపలికి దూసుకెళ్లేటప్పుడు పుట్టే వేడికి ఆ నూనె అంటుకోగలదు.

సీఓ2నా, కంప్రెస్డ్ ఎయిరా?

సీఓ2 ట్యాంకులో ద్రవంగా ఉండి, వాడేకొద్దీ ఆవిరవుతుంది. దాని ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రత. 0 డిగ్రీల దగ్గర సుమారు 505 పీఎస్ఐ, 20 డిగ్రీల దగ్గర 830, 30 డిగ్రీల దగ్గర 1045. షికాగో చలిలో ఆడితే మైలేజీ పడిపోయినట్టు కనిపించేది అందుకే, మార్కర్‌లో లోపమేమీ ఉండదు. వరసగా వేగంగా కొట్టినా ట్యాంకు చల్లబడి అదే జరుగుతుంది. టెక్సస్ ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. 31 డిగ్రీలు దాటాక సీఓ2 ద్రవంగా ఉండలేదు, నిండు ట్యాంకులో ఒత్తిడి గబగబా పెరుగుతుంది. అలాంటి ట్యాంకును కారు డిక్కీలో వదిలేయకండి. రక్షణ డిస్కు పగిలి గ్యాసంతా ఒక్కసారిగా బయటికి రావొచ్చు.

కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంకుకు సొంత రెగ్యులేటర్ ఉంటుంది. లోపల 4500 ఉన్నా 1500 ఉన్నా బయటికి ఒకే ఒత్తిడి, మామూలుగా 800–850 పీఎస్ఐ ఇస్తుంది. షాటుకు షాటుకు వేగం నిలకడగా ఉంటుంది, సీళ్లు గడ్డకట్టవు. ఎలక్ట్రానిక్ మార్కర్‌కైతే సీఓ2 పెట్టనే వద్దు. దగ్గర్లో ఎయిర్ నింపే చోటే లేక, చేతిలో పాత బ్లోబ్యాక్ ఉన్నవాళ్లకు మాత్రం సీఓ2 ఇంకా పనికొస్తుంది.

పెద్ద ట్యాంకు సంగతి

"అన్నా, 68/4500 కొనేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?" అని మాతో ఆడే కుర్రాడొకడు అడిగాడు. లీకుంటే గొడవ ఉంటుంది తమ్ముడూ, కాస్త ఆలస్యంగా కనిపిస్తుందంతే అన్నాను. పెద్ద ట్యాంకు లీకును మూయదు.

లీకు లేని మార్కర్‌కైతే 48/3000, 68/4500 ట్యాంకుల పోలిక అర్థవంతం. ట్యాంకులో ఒత్తిడి రెగ్యులేటర్ ఇచ్చే 800 కిందికి దిగాక చాలా మార్కర్లు నీరసిస్తాయి, కాబట్టి పైభాగం గాలినే లెక్కేయాలి. అలా చూస్తే 68/4500 దాదాపు 48/3000కు రెండున్నర రెట్లకు దగ్గరగా ఇస్తుంది. అల్యూమినియం 48/3000 బరువు, చవక. కార్బన్ ఫైబర్ 68/4500 తేలిక, ధర సుమారు మూడింతలు. నెలకో రెండు నెలలకో ఒకసారి ఆడేవాళ్లకు, ఫీల్డులో రోజంతా ఉచితంగా నింపే సౌకర్యం ఉంటే 48/3000 చాలు. టోర్నమెంట్లు ఆడేవాళ్లకు, పొడుగాటి ఉడ్స్‌బాల్ (చెట్ల మధ్య ఆడే) గేములు ఆడేవాళ్లకు కార్బన్ ఫైబరే. మీ ఫీల్డు కంప్రెసర్ 4500 దాకా ఇవ్వగలదా అని ముందే అడగండి. 3000 వరకే నింపేచోట ఆ ధరలో సగం వృథా.

సెకండ్‌హ్యాండ్ ట్యాంకు కొంటే గేజి కన్నా ముందు దాని మీద ముద్రించిన తేదీలు చూడండి. అమెరికాలో ఈ ట్యాంకులకు సాధారణంగా ఐదేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో ట్యాంకు బలాన్ని చూసేది) ఉండాలి, కార్బన్ ఫైబర్‌వాటిలో చాలావాటికి తయారైన 15 ఏళ్లకు ఆయుష్షు ముగుస్తుంది. తేదీ దాటినదాన్ని ఫీల్డులో నింపరు, నింపకూడదు కూడా. ఇండియాకు పట్టుకెళ్దామనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అక్కడ ట్యాంకులు 2016 నాటి గ్యాస్ సిలిండర్స్ రూల్స్ కిందికి వస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం లేని సిలిండర్‌ను నింపకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో ఆడాలంటే వాళ్ల పరికరాలు వాళ్లే ఇస్తారు, ట్యాంకు మోసుకెళ్లే అవసరం రాదు.

మార్కరే మార్చాలా?

బ్లోబ్యాక్ తనను తాను మళ్లీ కాక్ చేసుకోవడానికి కూడా షాటు గాలిలోనే కొంత వాడుకుంటుంది. కాబట్టి మైలేజీలో వెనకబడటం దాని స్వభావం, జబ్బు కాదు. కానీ దుమ్ములో పడేసినా పనిచేస్తుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, విప్పి బిగించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పాపెట్ మార్కర్లు చాలాకాలం మైలేజీలో ముందుండేవి, బదులుగా కాస్త కుదుపు ఉంటుంది. స్పూల్ మార్కర్లు మెత్తగా కొడతాయి, పాతవి గాలి బాగా తాగేవి. ఇప్పటి స్పూల్ డిజైన్లు ఆ తేడాను చాలావరకు చెరిపేశాయి. ప్లానెట్ ఎక్లిప్స్ ఎమెక్ 100 లాంటివి బ్యాటరీ లేకుండా, తక్కువ ఒత్తిడితో పనిచేసే మెకానికల్ స్పూల్‌లు. ఒత్తిడి తక్కువ కాబట్టి ట్యాంకు అడుగున మిగిలే గాలిని కూడా అవి ఎక్కువ వాడుకోగలవు.

పాత బ్లోబ్యాక్‌తో సంతోషంగా ఉండి, మైలేజీ ఒక్కటే బాధైతే, దానికి అప్‌గ్రేడ్ ముక్కలు కొనుక్కుంటూ పోవడం కన్నా డబ్బు దాచుకుని ఒక మెకానికల్ స్పూల్ కొనడమే మేలంటాను. నడుస్తున్న స్పూల్ లేదా పాపెట్ చేతిలో ఉంటే సీల్ కిట్, సరైన బారెల్, డ్వెల్ సెట్టింగ్ అయ్యేదాకా కొత్తదాని జోలికి వెళ్లకండి. కొత్తది కొనక తప్పని సందర్భాలు రెండే: సోలినాయిడ్, బోర్డు రెండూ పోయి వాటి ధర కొత్త మార్కర్ ధరను అందుకుంటున్నప్పుడు, లేదా ఆ మోడల్‌కు సీళ్లు దొరకడం ఆగిపోయినప్పుడు.

టెక్నీషియన్‌కు ఇచ్చేటప్పుడు

రెగ్యులేటర్ క్రీప్, సోలినాయిడ్, ట్యాంకు రెగ్యులేటర్, ట్యాంకు మీది రక్షణ డిస్కులు: ఈ నాలుగింటికీ తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. ట్యాంకు రెగ్యులేటర్‌ను ఇంట్లో పానాతో విప్పే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. లోపల గాలి మిగిలి ఉంటే ఆ ముక్క తూటాలా ఎగిరొస్తుంది.

మార్కర్ కొరియర్‌లో పంపాల్సి వస్తే ట్యాంకు లేకుండా, గాలి పూర్తిగా వదిలి, మార్కర్ ఒక్కటే పంపండి. పెట్టెలో ఒక చీటీ పెట్టండి: ముల్లు గంటలో ఎంత దిగింది, ట్యాంకు ఒంటరిగా ఉన్నప్పుడు దిగిందా, శబ్దం ఎక్కడినుంచి వస్తోంది, ఈమధ్య ఏ రింగు మార్చారు, ఏ గ్రీజు వాడారు, డ్వెల్ ఎంత ఉంది. గేజి ఫొటోలు రెండూ ప్రింటు తీసి జతచేయండి. ఆ చీటీ ఉంటే టెక్నీషియన్ మొదటి గంట వెతకడంలో పోదు, మీకు గంట చార్జీ మిగులుతుంది.